కాస్తు కాలమ్ ఎటు పోయింది?

ఊరి భూముల వివరాలు రాసే పాత చేతిరాత పహాణీలో 32 కాలమ్‌లు ఉండేవి. సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు, వేసిన పంట, నీటి వసతి, ఇలా ఒక్కో గడిలో ఒక్కో సంగతి. వాటిలో అనుభవదారు కాలమ్ ఒకటి. పాలమూరు (పాత మహబూబ్‌నగర్ జిల్లా) పల్లెల్లో దాన్నే కాస్తు కాలమ్ అంటారు. పట్టా ఎవరి పేరున ఉన్నా, ఆ ఏడు ఆ చేను ఎవరు దున్నారన్నది అక్కడ రాసేవారు. 2020 అక్టోబర్ 29న తెలంగాణలో భూమి రికార్డుల కోసం ధరణి పోర్టల్ మొదలైనప్పుడు ఆ కాలమ్ అందులో లేదు. తెర శుభ్రంగా, తేలిగ్గా కనిపించింది: ఒక ఖాతా, ఒక పట్టాదారు, ఇంత విస్తీర్ణం.

తీసేయడానికి కారణం లేకపోలేదు. కాస్తు కాలమ్‌లో ఇష్టమొచ్చిన పేర్లు ఎక్కించారన్న ఫిర్యాదులు పట్వారీల కాలం నుంచీ ఉన్నవే. యజమాని ఒక్కడే కనిపిస్తే తగాదా తగ్గుతుందని అనుకున్నారు. కానీ గద్వాల, వనపర్తి ఒకప్పటి సంస్థానాలు. ఈ సీమలో భూమి ఎన్నో చేతులు మారింది. తెల్లకాగితం మీద సాదా బైనామా (రిజిస్టరు కాని అమ్మకపు కాగితం) రాసుకుని, డబ్బులు ముట్టజెప్పి, ఇరవై ముప్పై ఏళ్లుగా దున్నుకుంటున్న కుటుంబాలు ఊరూరా ఉన్నాయి. అలాంటివాళ్లకు రికార్డులో తమ పేరు కనిపించే చోటు ఆ ఒక్క గడే. అది పోవడంతో పొలంలో ఉన్న మనిషి తెర మీద లేకుండా పోయాడు.

దీన్ని మనం చట్టం సంగతిగానో రాజకీయంగానో చూస్తాం. అది సరే. దీనికి ఇంకో పార్శ్వం ఉంది, దాని గురించి తెలుగులో మాట్లాడుకున్నది తక్కువ. ఒక వెబ్‌సైటులో, ఒక యాప్‌లో, ఒక రసీదులో ఏ సమాచారం ఉండాలి, ఏది అక్కర్లేదు, అది ఎవరి కోసం, ఏ మాటల్లో, ఏ వరుసలో, పాతబడితే ఎవరు సరిచేయాలి, వీటన్నిటినీ ముందే ఆలోచించి నిర్ణయించడాన్ని కంటెంట్ స్ట్రాటజీ అంటారు. యూజర్ ఎక్స్‌పీరియన్స్ డిజైన్, పొట్టిగా యూఎక్స్ అనే విద్యలో ఇదొక ముఖ్య విభాగం. యూఎక్స్ అనగానే రంగులు, బొమ్మలు, బటన్ల గుండ్రని అంచులు గుర్తొస్తాయి. భూమి రికార్డు చూసే మనిషికి వాటితో పెద్ద పని లేదు. అతని అనుభవమంతా మాటలు, అంకెలు. అవి సరిగా లేకపోతే ఎంత అందమైన తెరైనా పనికిరాదు.

ఈ విద్యకు పేరు రావడంలో అమెరికాకు చెందిన క్రిస్టీనా హాల్వర్సన్ 2009లో రాసిన పుస్తకం పాత్ర పెద్దది. కంపెనీలు సైటు మొత్తం కట్టేసి, చివరి వారంలో మాటలు నింపుతున్నాయని ఆమె బాధ. ఇప్పటికీ డిజైనర్లు ఖాళీ పెట్టెల్లో అర్థంలేని లాటిన్ వాక్యాలు పోసి తెరలు తయారుచేస్తుంటారు, అసలు మాటలు తర్వాత వస్తాయిలే అని. ప్రభుత్వ సేవల్లో ఈ అలవాటును తిరగేసింది బ్రిటన్. 2012 అక్టోబర్‌లో అక్కడ ఒకే సైటు మొదలై, క్రమంగా అనేక ప్రభుత్వ సైట్ల స్థానాన్ని తీసుకుంది. సారా రిచర్డ్స్ నాయకత్వంలోని రచయితల బృందం ప్రతి పేజీకీ ముందుగా ఒక ప్రశ్న వేసింది: దీన్ని చదవడానికి వచ్చే మనిషికి కావలసిందేమిటి? ఆ ప్రశ్నకు జవాబు లేని పేజీలను పక్కన పెట్టింది. శాఖ చెప్పాలనుకున్నది కాదు, మనిషి అడగాలనుకున్నది రాయడం వాళ్ల పద్ధతి.

మన దగ్గర మనిషి అడిగేది ఎలా ఉంటుంది? నాగర్‌కర్నూల్‌లోనో గద్వాలలోనో తహసీల్ ఆఫీసు ముందర చెట్టు కింద కాసేపు కూర్చుంటే వినపడే మాటలు ఇలా ఉంటాయి. "మా నాయిన సచ్చిపోయిండు, పట్టా మా పేర్న కావాలె." "పాసుబుక్కుల అరెకరం తక్కువ పడ్డది." "మా సర్వే నంబరే కనిపిస్తలేదు." "అమ్ముదామంటే భూమి నిషేధంల ఉందంటున్నరు." ఇవి నాలుగు అవసరాలు, నాలుగూ స్పష్టమైనవి. ధరణిలో ఇవి ఎదురైన రూపం వేరు. అక్కడ సేవలను మాడ్యూల్స్‌గా విడగొట్టారు. ఒక్కోదానికి టీఎం అనే అక్షరాలు, పక్కన ఒక అంకె. మ్యుటేషన్, సక్సెషన్, పార్టిషన్, నాలా, ఇలా కలుపుకుంటూ పోతే మొత్తం 33. పాసుపుస్తకంలో పేరు తప్పు, విస్తీర్ణం తేడా, భూమి స్వభావం మారడం, సర్వే నంబరు జారిపోవడం వంటి సవరణలన్నీ టీఎం-33 కిందకి వచ్చాయి. నాన్న పోయాక పేరు మార్పించుకోవడాన్ని ఇక్కడ విరాసత్ అంటారు, ఫౌతి అంటారు. ఆ మాటలు మాత్రమే తెలిసిన మనిషి సక్సెషన్ దగ్గర ఆగి, ఇదే నా పని అని ఎలా పోల్చుకోగలడు?

ఈ తడబాటు వెనక ఒక శాస్త్రం ఉంది. జిరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రంలో పనిచేసిన పీటర్ పిరోలీ, స్టువర్ట్ కార్డ్ 1999లో ఒక సిద్ధాంతాన్ని వివరంగా ప్రచురించారు. అడవిలో జంతువు మేత కోసం వాసన పట్టుకుంటూ పోయినట్టే, మనిషి సమాచారం కోసం తెర మీది మాటల వాసన పట్టుకుంటూ పోతాడని దాని సారం. మనసులో ఉన్న అవసరానికి, లింకు మీద రాసిన మాటకు ఎంత దగ్గరి పోలిక ఉంటే అంత నమ్మకంగా దాన్ని నొక్కుతాడు. పోలిక తక్కువైతే తడబడతాడు. రెండు మూడు లింకులకు ఒకే వాసన ఉంటే ఏదో ఒకటి నొక్కి చూస్తాడు. దేనికీ వాసన లేకపోతే వదిలేసి పోతాడు, లేదా తెలిసినవాడిని వెతుక్కుంటాడు. "టీఎం-33"కి సొంతంగా ఏ వాసనా లేదు. అది లోపలి ఇంజనీర్లు తమ సౌకర్యం కోసం పెట్టుకున్న అంకె. అది బయటికి వచ్చింది. చిత్రమేమిటంటే జనం దాన్ని నేర్చుకున్నారు. పేపర్లు రాశాయి, వార్డు మెంబర్లు మాట్లాడారు, అక్షరం రాని ముసలాయన కూడా "నాది టీఎం ముప్పైమూడుల ఉంది" అని చెప్పగలిగే స్థితి వచ్చింది. పౌరులు యంత్రం భాష నేర్చుకోవలసి రావడం ఆ సైటు విజయం కాదు. ఆ భారం మోసింది జనం.

తప్పు మాడ్యూల్‌లో పెట్టిన దరఖాస్తు తిరిగొచ్చేది. మళ్లీ ఫీజు, మళ్లీ బస్సు చార్జీ, ఒక రోజు కూలి. 2024 మార్చిలో ప్రభుత్వం ప్రత్యేక కార్యక్రమం పెట్టే నాటికి రాష్ట్రమంతటా సుమారు 2.45 లక్షల ధరణి దరఖాస్తులు పెండింగ్‌లో ఉన్నాయి. ఇవన్నీ మాటల లోపం వల్ల ఆగినవి కావు. సర్వే తగాదాలు, కోర్టు కేసులు, అధికారాలన్నీ కలెక్టరు దగ్గర పోగుపడటం, ఇంకా చాలా కారణాలున్నాయి. ధరణి వల్ల రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ తహసీల్ ఆఫీసులో ఒకే రోజు పూర్తికావడం కూడా చిన్న సంగతి కాదు. తగాదా లేని భూమికి అది నిజంగా మేలు చేసింది. కానీ పేచీ ఉన్నవాడికే కదా దారి చూపే మాట ఎక్కువ అవసరం.

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. 33 మాడ్యూల్స్‌ను 6కి కుదించారు. పహాణీని 11 కాలమ్‌లకు పెంచారు. డిజైన్ విద్యార్థి ఎవరైనా ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టుకుని చూడాలి. ఒకచోట తగ్గించారు, ఇంకోచోట పెంచారు. రెండూ ఒకే ఆలోచన నుంచి రావచ్చు. ఎంచుకోవాల్సినవి ఎక్కువైతే మనిషి తికమకపడతాడు, తెలుసుకోవాల్సినవి తక్కువైతే మనిషికి నష్టం. కంటెంట్ స్ట్రాటజీ అంటే కోత పెట్టడమని చాలామంది అనుకుంటారు. ఏది కోయకూడదో తెలిసి ఉండటం అంతకన్నా కష్టమైన పని. 32 నుంచి తగ్గిపోయి, మళ్లీ 11కి పెరిగిన ఈ ప్రయాణమే అందుకు రుజువు.

భూభారతి కింద తొలుత నాలుగు మండలాల్లో, ఆ ఏడాది మే 5 నుంచి మిగతా 28 జిల్లాల్లో జిల్లాకో మండలంలో రెవెన్యూ సదస్సులు జరిగాయి. తర్వాత జూన్‌లో ఊరూరా పెట్టారు. అక్కడ రైతు చేతికి ముందు వచ్చింది తెర కాదు, అచ్చు వేసిన దరఖాస్తు కాగితం. సమస్య ఏ రకానిదో అందులో గుర్తు పెట్టాలి. నా దృష్టిలో అసలైన డిజైన్ అక్కడే జరిగింది.

ఎందుకంటే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, ఈ మూడు జిల్లాల్లో తెర ముందు కూర్చునేది సాధారణంగా రైతు కాదు. 2011 జనగణన లెక్కలను ఇప్పటి హద్దులకు సర్దితే జోగులాంబ గద్వాల జిల్లాలో అక్షరాస్యత 50 శాతం దగ్గరే ఉంది, రాష్ట్రంలో అన్నిటికన్నా తక్కువ. గట్టు వైపు ఊళ్లలో మాటలో కన్నడం కలుస్తుంది. నల్లమలలోని చెంచు పెంటల్లో చాలాచోట్ల ఫోనుకు సిగ్నలే అందదు. కాబట్టి జరిగేది ఇది: మీ సేవ కేంద్రంలో ఆపరేటర్ తెర చదువుతాడు, రైతు వింటాడు, ఇంటికి పోయి కొడుక్కో కోడలికో చెబుతాడు. ఒకే సమాచారానికి ముగ్గురు పాఠకులు, వాళ్లలో ఇద్దరు చెవితో చదివేవాళ్లు. చెవితో విన్నది మనసులో నిలవడానికి హద్దుంది. మనిషి పనిచేసే జ్ఞాపకంలో ఒకేసారి నిలిచేవి నాలుగు అంశాల దాకానేనని మనస్తత్వ శాస్త్రవేత్త నెల్సన్ కోవన్ 2001లో లెక్కగట్టాడు. ఎనిమిది జతపత్రాల పేర్లు ఆపరేటర్ ఒక్క ఊపిరిలో చెబితే ఐదో దాని దగ్గరే మనిషి తప్పిపోతాడు. అందుకే రసీదు ముఖ్యం. ఇంటికి పోయేది అదొక్కటే. మన రసీదుల మీద దరఖాస్తు నంబరు, తేదీ, చెల్లించిన రుసుము ఎటూ ఉంటాయి. తర్వాత ఏం జరుగుతుంది, ఎన్ని రోజుల్లో, ఎవరి దగ్గర, ఏ కాగితం ఇంకా తేవాలి అన్నవి పెద్ద అక్షరాల్లో తెలుగులో ఉంటే ఇంట్లో చదువుకున్న పిల్లలు చదివి చెబుతారు. తెర రూపకల్పనకు పెట్టే శ్రద్ధలో పదో వంతు ఆ చీటీకి పెడితే ఎంతో మారుతుంది.

భూమి పోర్టల్ ఒక్కటే కాదు. పీఎం కిసాన్ చూడండి. 2019 ఫిబ్రవరిలో మొదలైన ఈ కేంద్ర పథకం కింద రైతుకు ఏడాదికి 6,000 రూపాయలు మూడు విడతల్లో వస్తాయి. డబ్బు పడలేదని స్టేటస్ చూస్తే కనిపించే వాక్యం: ఎఫ్‌టీవో ఈజ్ జనరేటెడ్ అండ్ పేమెంట్ కన్ఫర్మేషన్ ఈజ్ పెండింగ్. లేదంటే: ఆర్ఎఫ్‌టీ సైన్డ్ బై స్టేట్. ఎఫ్‌టీవో అంటే నిధుల బదిలీ ఆదేశం. ఆర్ఎఫ్‌టీ అంటే బదిలీ చేయమని రాష్ట్రం పంపిన అభ్యర్థన. ఇవి రెండు ఆఫీసుల మధ్య నడిచే ఫైలు పేర్లు. రైతుకు అక్కర్లేదు. ఈ వాక్యాలను మార్చి రాయడం కష్టమా? మొదటిదానికి బదులు: "మీ డబ్బు పంపమని ఆదేశం వెళ్లింది. బ్యాంకులో ఇంకా జమ కాలేదు. మీరు చేయాల్సింది ఏమీ లేదు." రెండోదానికి: "మీ వివరాలు సరిచూసి, డబ్బు పంపమని రాష్ట్రం కోరింది. ఇది మంజూరు దశలో ఉంది. మీరు చేయాల్సింది ఏమీ లేదు." ఆ చివరి వాక్యం చాలా విలువైనది. అది లేకపోవడం వల్లే జనం అనవసరంగా మండలానికి, బ్యాంకుకు తిరుగుతారు.

అదే పేజీలో ల్యాండ్ సీడింగ్ అని ఒక వరుస, దాని ఎదురుగా నో అని ఉండొచ్చు. భూమి వివరాలు జతకాలేదని దాని అర్థం. గద్వాల జిల్లా సీడు పత్తికి దేశంలోనే పేరున్న చోటు. అక్కడ సీడు అంటే కంపెనీకి పండించే విత్తనం. సొంత చేలో సీడు వేసిన మనిషికి సీడింగ్ లేదని తెర చెబితే ఏం అర్థం కావాలి?

ఇంతకన్నా నష్టం చేసిన మాట ఇంకొకటుంది. ఉపాధి హామీ కూలి డబ్బులు వెనక్కి పోయినప్పుడు తరచుగా కనిపించే కారణం, ఇనాక్టివ్ ఆధార్. అది చూసిన ఎవరైనా తమ ఆధార్ చెడిపోయిందనుకుంటారు, ఆధార్ కేంద్రానికి పరుగెత్తుతారు. ఆధార్ బాగానే ఉంటుంది. ఏ ఆధార్‌కు ఏ బ్యాంకు అని చూపే పట్టిక నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ దగ్గర ఉంటుంది. అందులో ఆ లంకె తెగిందని లేదా పాతబడిందని ఆ మాట అర్థం. పోవాల్సింది బ్యాంకుకు. వలసకు పేరుపడ్డ పాలమూరులో, రోజు కూలి మీద బతికే మనిషిని ఒక తప్పు మాట తప్పు ఊరికి పంపుతుంది. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఇప్పుడు ఏం చేయాలి అన్న మూడూ చెప్పనిదే ఏ లోప సందేశమూ పూర్తి కాదు. "ఇనాక్టివ్ ఆధార్" మొదటిదాన్ని తప్పుగా చెప్పి, మిగతా రెండూ వదిలేసింది.

ఇక్కడ తెలుగుకే ఉన్న చిక్కులు కొన్ని చెప్పాలి. పెట్టెలన్నీ ఇంగ్లిషు మాటల కొలతతో గీస్తారు. తెలుగు మాట సాధారణంగా పొడుగు. చోటు చాలక సగంలో తెగుతుంది, చివర మూడు చుక్కలు పడతాయి. మన మాటల్లో అవును కాదు అన్న తేడా చివరనే ఉంటుంది: చెల్లించబడింది, చెల్లించబడలేదు. ముందు సగం రెంటికీ ఒకటే. తెగిన చోట అర్థమే తెగిపోతుంది. "కట్టారు", "కట్టలేదు" అని పొట్టిగా రాస్తే ఆ ప్రమాదం సగం తప్పుతుంది. వరుసల మధ్య ఎడం తక్కువైతే "రాష్ట్ర"లో కింద వేలాడే వత్తులు కోసుకుపోతాయి. తెలుగుకు యూనికోడ్‌లో 1991 నుంచీ చోటుంది, మంచి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. కాబట్టి ఇది సాంకేతిక లోటు కాదు, తెలుగు మాట పెట్టి చూడకుండానే తెరను ఖాయం చేయడం.

ఒక వాక్యం సులువుగా ఉందో లేదో కొలవడానికి ఇంగ్లిషులో 1948 నుంచి ఫ్లెష్ సూత్రం వంటివి వాడుతున్నారు. వాక్యంలో ఎన్ని మాటలు, మాటలో ఎన్ని అక్షరోచ్చారణలు అని లెక్క. తెలుగుకు అది పనికిరాదు. "చేయించుకోవాలనుకుంటున్నాను" అన్నది ఒకే మాట, ఆ సూత్రం దృష్టిలో మహా కష్టం. చిన్న పిల్లవాడికీ అర్థమవుతుంది. "క్రయవిక్రయ నిషేధం" రెండు చిన్న మాటలే, నోరు తిరగదు. మనకు సరిపోయేది 1953లో విల్సన్ టేలర్ చూపిన క్లోజ్ పరీక్ష. పాఠంలో ప్రతి ఐదో మాట తీసేసి ఖాళీ ఉంచి, ఆ చోట ఏ మాట ఉండాలో పాఠకుణ్ణి చెప్పమనాలి. ఎక్కువ ఖాళీలు సరిగా నింపగలిగితే ఆ రాత అతని భాషకు దగ్గరగా ఉన్నట్టు. చదవడం రానివాళ్లకు పాఠాన్ని చదివి వినిపిస్తూ ఖాళీ దగ్గర ఆగొచ్చు. దీనికి కంప్యూటర్ అక్కర్లేదు, ఖర్చు లేదు. వనపర్తి పాలిటెక్నిక్ విద్యార్థులో, నాగర్‌కర్నూల్ డిగ్రీ పిల్లలో ఒక సెలవు పూట వేరుశనగ మార్కెట్ యార్డులో పది మంది రైతులతో చేసి చూపగలరు. ప్రభుత్వ పోర్టల్ ఏదైనా తెరవడానికి ముందు ఈ పరీక్ష జరగాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఊరి పేర్ల సంగతీ ఉంది. 2016 అక్టోబర్ 11న మహబూబ్‌నగర్ నుంచి ఈ మూడు జిల్లాలూ విడిపోయాయి. కొత్త మండలాలూ పుట్టాయి. అలా కొత్త మండలమైన శ్రీరంగాపురం మనిషి పాత కాగితం మీద పెబ్బేరు మండలం, మహబూబ్‌నగర్ జిల్లా అని ఉంటుంది. భూమి వివరాలు వెతకాలంటే మొదట జిల్లా, తర్వాత మండలం ఎంచుకోవాలి. కాగితం చూసి ఎంచుకుంటే ఊరే కనపడదు. "మీ పాత పత్రంలో పెబ్బేరు అని ఉంటే ఇక్కడ చూడండి" అన్న ఒక్క వరుస చాలు. మనిషి పేర్లదీ అదే గోల. ఇక్కడ ముందు ఇంటిపేరు వస్తుంది, కొందరికి ఇంటిపేరు బదులు కులం పేరు వస్తుంది. ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని అడిగితే ఒక్కో ఆపరేటర్ ఒక్కో తీరుగా నింపుతాడు. పట్టాలో ఒక వరుస, ఆధార్‌లో ఇంకో వరుస, బ్యాంకులో మూడోది. తర్వాత మూడూ కలవలేదని యంత్రం తోసేస్తుంది. "ఆధార్ కార్డు మీద ఉన్నది ఉన్నట్టు రాయండి" అని ఒకే గడి పెడితే ఆ పంచాయితీ పుట్టదు.

భూభారతి చట్టంలో అప్పీలుకు దారి పెట్టారు. తహసీల్దారు ఉత్తర్వు నచ్చకపోతే ఆర్డీవో దగ్గరికి, అక్కడా కాకపోతే కలెక్టరు దగ్గరికి పోవచ్చు. ధరణి కాలంలో సివిల్ కోర్టు తప్ప చాలామందికి దిక్కు కనిపించలేదు. ఆ హక్కు మనిషికి అందేది తిరస్కరణ చీటీ ద్వారానే. అందులో "తిరస్కరించబడినది" అని ముద్ర వేసి ఊరుకుంటే చట్టంలో ఉన్నా లేనట్టే. ఎందుకు కాలేదు, ఏ ఆఫీసులో, ఏ తేదీలోగా అప్పీలు చేసుకోవాలి, ఏ కాగితాలు తీసుకుపోవాలి అన్నవి ఆ చీటీలో ఉండాలి. వాటిని ఒకసారి రాసి వదిలేయడం కుదరదు. రుసుము మారుతుంది, గడువు మారుతుంది, అధికారం చేతులు మారుతుంది. ఎవరు ఏటేటా సరిచూస్తారో పేరు పెట్టి నిర్ణయించాలి. పోర్టల్ నడిపే సంస్థలు మారినా ఆ మాటలకు ఒక యజమాని ఉండాలి. కంటెంట్ స్ట్రాటజీలో అందరూ వదిలేసే భాగం ఇదే.

2020లో గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వో) వ్యవస్థ రద్దయ్యాక ఊళ్లో రికార్డు చదివి చెప్పే మనిషి లేకుండా పోయాడు. 2025 సెప్టెంబర్‌లో గ్రామ పాలన అధికారులకు నియామక పత్రాలు ఇచ్చారు. పోర్టల్ మాటలు రాయబోయేవాళ్లు ముందు ఆ అధికారుల దగ్గర కూర్చోవాలి. విరాసత్, ఫౌతి, కాస్తు, సాదా బైనామా అంటూ జనం వచ్చి అడిగే మాటలను వాళ్లు రోజూ వింటున్నారు. ఆరు మాడ్యూల్స్‌లో ఏ మాట దేని కిందకి వస్తుందో ఒక్క కాగితం మీద పట్టిక వేసి, పంచాయతీ ఆఫీసు గోడకు ఒకటి, మీ సేవ బల్ల మీద ఒకటి, పోర్టల్ వెతుకు పెట్టె వెనక ఒకటి పెట్టవచ్చు. "విరాసత్" అని కొట్టినా, "వారసత్వం" అని కొట్టినా, "సక్సెషన్" అని కొట్టినా ఒకే పేజీ తెరుచుకునేలా చేయడం ఏ మంచి ప్రోగ్రామర్‌కైనా ఒక పూట పని. ఆ మాటల జాబితా పోగుచేయడానికి మాత్రం గట్టు, కొల్లాపూర్, పెబ్బేరు తిరగాలి.